అరువు పిచర్

రోస్‌బర్గ్ బేస్‌బాల్ జట్టు ఓడిపోవడం వెర్లిన్‌కి కొత్తేమీ కాదు. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం మైకు ముందు కూర్చుని ఆ ఓటములను ఊరికి వినిపిస్తున్నది అతనే. కానీ ఈసారి ఓడింది పక్క ఊరు న్యూ లుండ్ చేతిలో. అదీ ఒక్క పరుగు తేడాతో. అది చాలనట్టు మర్నాడే వాళ్లు వచ్చి బ్రైస్‌ని అరువు అడిగారు.

మిన్నెసోటా ఊళ్లలో అదొక ఆనవాయితీ. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకి పోతూ, తాను ఓడించిన జట్లలోంచే బంతి విసిరే మంచి పిచర్లని అరువు తీసుకోవచ్చు. ఇల్లు దోచుకున్నవాడు గుమ్మం దగ్గర ఆగి, సామాను మోయడానికి మీ బండి కాస్త ఇస్తారా అని మర్యాదగా అడిగినట్టు.

బ్రైస్ వెర్లిన్ అక్క కొడుకు. ధాన్యం గిడ్డంగి గోడకేసి బంతి విసరడం వాడికి నేర్పింది వెర్లినే. ఆ సాయంత్రం ఆర్డిస్ పిన్ని బారులో వాణ్ణి నిలదీశాడు.

"వెళ్తావా?"

"వెళ్తా మావయ్యా. భుజం ఇంకెన్నాళ్లు నిలుస్తుంది? మన జట్టుని నమ్ముకుంటే రాష్ట్ర పోటీలకి టిక్కెట్టు కొనుక్కుని పోవాల్సిందే."

"ఆ ఆకుపచ్చ చొక్కా ఎలా తొడుక్కుంటావురా? మిడతలా ఉంటావు."

"మిడతైనా ఎగురుతుంది కదా."

సాసేజీలు వేయిస్తున్న ఆర్డిస్ ఇటు తిరిగింది. "ఒరే వెర్లిన్, మీ బాబాయి ఏ ఊరివాడురా?"

వెర్లిన్ గ్లాసులోకి చూశాడు. రోస్‌బర్గ్ రాష్ట్ర కప్పు గెలిచింది ఒకే ఒక్కసారి. ఆ ఏడు బంతి విసిరింది ఆర్డిస్ మొగుడు, పోయిన లియో. మైదానం గేటు మీద ఇప్పటికీ ఆయన బొమ్మే. ఆయన పుట్టింది న్యూ లుండ్‌లోనని, అక్కణ్ణుంచి అరువుకే వచ్చాడని ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ అనరు, అంతే.

"అది వేరు పిన్నీ. ఆయన మనవాడైపోయాడు."

"గెలిచాడు కాబట్టి అయ్యాడు. కప్పు చేతికి రాగానే మా నాన్న గిడ్డంగిలో ఉద్యోగం వేయించి, ఆ వెనకే నన్ను అంటగట్టాడు. అదే ఓడిపోయుంటేనా, ట్రక్కు వెనక ఎక్కించి వాళ్ల పొలిమేరలో దింపేసి వచ్చేవాళ్లం. నాకూ గురక పెట్టని మొగుడు దొరికేవాడు."

బ్రైస్ నవ్వి, నెమ్మదిగా అసలు మాట బయటపెట్టాడు. "న్యూ లుండ్ ట్రాక్టర్ల షాపులో మెకానిక్ కావాలట మావయ్యా. పోటీలయ్యాక మాట్లాడదాం అన్నాడు ఓనరు."

వెర్లిన్ బీరు గ్లాసు పక్కకి నెట్టేశాడు. బ్రైస్ ఉంటేనే ఒక్క పరుగుతో ఓడుతున్నారు. వాడూ పోతే ఆదివారాలు మైకులో చెప్పడానికి వాతావరణమే మిగులుతుంది.

పోటీల రోజున వెర్లిన్ రోస్‌బర్గ్ టోపీ బండిలోనే వదిలేసి, వెళ్లి న్యూ లుండ్ జనం మధ్య కూర్చున్నాడు. క్రిస్మస్‌కి తప్ప చర్చి ముఖం చూడనివాడు, దేవుణ్ణి రెండే కోరాడు. బ్రైస్ బాగా ఆడాలి. న్యూ లుండ్ ఓడిపోవాలి.

దేవుడు మొదటిది వెంటనే విన్నాడు. ఎదుటివాళ్లు బ్రైస్ బంతిని తాకలేకపోతున్నారు. వెర్లిన్ పక్కనున్న లావుపాటి మనిషి బెంచీ విరిగేలా గెంతుతున్నాడు. "మావాడు! మా బ్రైస్! నా ట్రాక్టర్ల షాపులో చేరబోతున్నాడు. మా వీధిలోనే ఇల్లు కూడా చూసిపెట్టా." ఇటు తిరిగి, "ఎక్కడో చూసినట్టుందే మిమ్మల్ని?" అన్నాడు. మైకు వెనక మనిషి ముఖం ఎవరికి గుర్తుంటుంది? వెర్లిన్ తల అడ్డంగా ఊపాడు.

చివరి ఇన్నింగ్స్ దాకా రెండు జట్లకీ సున్నాయే. అప్పుడొక బంతి మెత్తగా, పసిపిల్లాడు కూడా పట్టేలా, న్యూ లుండ్ ఫీల్డర్ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చి, అతని కాళ్ల మధ్యనుంచి వెనక్కి పోయింది. ఎదుటివాళ్లకి పరుగు వచ్చేసింది. తర్వాత న్యూ లుండ్ బ్యాటర్లు గాలిని కొట్టి, తలలు వంచుకుని వచ్చారు. అంతే. ఆట అయిపోయింది. రెండో కోరిక కూడా తీరింది.

మైదానం మధ్య బ్రైస్ కళ్లమీదకి టోపీ లాక్కుని నిలబడిపోయాడు. భుజం చేత్తో పట్టుకుని ఉన్నాడు.

బంతి వదిలేసిన ఫీల్డర్ ఈ లావుపాటాయన కొడుకే. అందుకే తప్పు ఎవరిదో ఆయనకి వెంటనే తెలిసిపోయింది. "అలాంటి బంతులు వేస్తే మావాడేం చేస్తాడు? ఎంతైనా రోస్‌బర్గ్ సరుకు! ఓడిపోవడం వాళ్ల రక్తంలోనే ఉంది!"

ఇంకో రోజైతే వెర్లిన్ ఆయన పళ్లు రాలగొట్టేవాడే. ఇప్పుడు మాత్రం ఆ తిట్టు చెవిలో తేనె పోసినట్టుంది. లేచి వెళ్లి రెండు బీర్లు తెచ్చి, ఒకటి ఆయన చేతిలో పెట్టాడు.

"సరిగ్గా చెప్పావన్నా. ఆ ఊరివాళ్లంతా అంతే. వాణ్ణి షాపులో పెట్టుకున్నావంటే నీ ట్రాక్టర్లు కూడా నడవడం మానేస్తాయి."

"పెట్టుకుంటానా!" అన్నాడాయన, బీరు ఎత్తుతూ.

చీకటిపడే వేళకి బ్రైస్ వచ్చి బండి ఎక్కాడు. ఆకుపచ్చ చొక్కా వాళ్లకి అప్పజెప్పేసి, బనీనుతో ఉన్నాడు. కొంత దూరం పోయాక అడిగాడు.

"ఆ ఓనరు నీ పక్కనే ఉన్నాడు కదా మావయ్యా. నా ఉద్యోగం మాట ఏమైనా ఎత్తాడా?"

"లేదురా," అన్నాడు వెర్లిన్. "ఆ భుజానికి ఇంటికెళ్లగానే ఐసు పెట్టు. వసంతంలో మనకి ఆటలున్నాయి."