పైగదిలో తిరిగే మనిషి

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు బాంగు వినిపించగానే పైకి వెళ్లి మామా, అంటే మా యజమానురాలి గదిలో దీపం వేయాలి. పరదా సగం తెరవాలి. ఆమె నల్ల అబాయా తొడుక్కుని, నా రంగు బయటికి తెలియకుండా తలగుడ్డ ముక్కు దాకా లాక్కుని, కిటికీ ముందు అటూ ఇటూ నడవాలి. పిల్లల గదిలో టీవీలో కార్టూన్లు పెట్టాలి. మధ్యమధ్య గట్టిగా మాట్లాడాలి. నేను పనిచేసే కువైతీ ఇంటివాళ్లు గ్రీసు దీవులూ, టర్కీ సముద్రపు ఊళ్లూ చూడటానికి ఓడెక్కుతూ నాకు అప్పజెప్పిన పని ఇది. పోయిన వేసవిలో ఇక్కడే, మా సల్వా పేటలో, తాళం వేసిన ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. "ఇంట్లో మనుషులున్నట్టు కనపడాలి," అంది మామా. నేను ఉంటాను కదా అనబోయి ఊరుకున్నాను.

నిజానికి ఈ వేసవిలో నేను రాయచోటికి వెళ్లాల్సింది. ఓడ టికెట్లు వచ్చాక నా సెలవు మాట మారింది. "ఇంకో రెండేళ్లకు ఇఖామా కట్టిస్తాం, ఆ తర్వాత వెళ్దువుగాని రీదా," అంది. రెడ్డెమ్మ అనే నా పేరు ఆమెకు నోరు తిరగదు. వాళ్లు తిరిగొచ్చేలోపు ఔననో కాదనో చెప్పాలి. బాబా, అంటే ఆమె భర్త, నేనిక్కడ ఉండటానికి ఆ అనుమతి కాగితాలు పెట్టించాలట.

ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

"ఊ అను మే," అన్నాడు మా ఆయన గంగులప్ప. "ఇంట్లో ఎవురూ ల్యాకపాయె, చేసే పనీ ల్యాకపాయె. ఏసీలో కాళ్లు సాపుకోని పండుకోనుండావు. నీకేం కష్టమొచ్చె?"

"ఒక్కదాన్నే ఉంటే బయమైతాందబ్బా."

"ఎవురూ ల్యాని ఇంట్లో ఎవుర్ని చూసి బయపడతావు?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. ఫోన్లో చెప్పేది కాదు. పెళ్లయిన కొత్తలో మా అత్త ఇరుగుపొరుగు దగ్గర నన్ను మెచ్చుకునేది: "మా కోడలు ఇంట్లో ఉండాదని గూడా తెలీదు, అంత బంగారు మనిషి." ఆ మెప్పు కోసం అడుగుల చప్పుడు లేకుండా నడవటం నేర్చుకున్నాను. గిన్నె గిన్నెకు తగలకుండా తోమటం నేర్చుకున్నాను. ఇప్పుడు చప్పుడు చేయమంటే కాళ్లకు చేతకావటం లేదు.

ఓడ ఒక దీవి దగ్గర ఆగినప్పుడు మామా వీడియోలో కొండ మీద తెల్లటి ఇళ్లు చూపించింది, తర్వాత తన గది. "చూడు రీదా, మేం బయటికెళ్లి వచ్చేసరికి పక్క సర్ది ఉంటుంది. తువ్వాలు హంసలా మడిచి పెట్టి ఉంటుంది. చేసే మనిషి మాత్రం ఒక్కసారీ కంటపడలేదు. పిల్లలేమో జిన్నులు చేస్తున్నాయంటున్నారు!" అని నవ్వింది. "ఎంత హాయిగా ఉందో. నువ్వూ నేర్చుకో." ఆమె వెనక అద్దంలో, తలుపు సందున, నీలం చొక్కా వేసుకున్న చెయ్యి ఒకటి కనపడి వెనక్కి పోయింది. మామా చూడలేదు. ఆ చెయ్యి ఆడమనిషిదో మగమనిషిదో తెలియదు. తలుపవతల ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉందని మాత్రం నాకు తెలుసు.

నిన్న సాయంత్రం కిటికీ ముందు నడుస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలి గనక, మామాలాగా పిలిచాను. "రీదా! యల్లా, చాయ్!" గొంతు అచ్చం ఆమెదే వచ్చింది. నిలబడి విన్నాను. ఎవరూ రాలేదు. రారని తెలిసీ కోపం వచ్చింది. కింద ఏం చేస్తోంది ఇంతసేపు, దీనికి ఒళ్లు బరువెక్కింది అనుకున్నాను. ఆ అనుకున్నది నేనేనని గుర్తుపట్టటానికి కొంచెంసేపు పట్టింది. అయినా మళ్లీ పిలిచాను, ఇంకా గట్టిగా. కార్టూన్ల సందడిలో, మెట్ల కింద, చెప్పులు కదిలిన చప్పుడయింది. దిగి చూస్తే వంటింట్లో స్టవ్ మీద చాయ్ మరుగుతోంది. పెట్టిన జ్ఞాపకం నాకు లేదు. పెట్టే ఉంటాను. ఈ చేతులు నన్ను అడిగి పనిచేయటం ఎప్పుడో మానేశాయి. కప్పులో పోసి, దాన్ని ఎవరు తాగాలో తేలక, చల్లారిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. పిలిచేది ఒకతె, పలికేది ఒకతె. ఇద్దరి మధ్య నాకోసం వెతుక్కుంటే దొరకలేదు. ఇంకో రెండేళ్లు ఇట్లాగే గడిస్తే రాయచోటిలో బస్సు దిగేది ఎవరు?

ఇవాళ దీపం వేసి నడుస్తుండగా ఫోన్ మోగింది. మామానే. టర్కీలో ఏదో రేవు, వెనక పడవల తెరచాపలు, బొమ్మ తెగి తెగి వస్తోంది.

"బాబా అడుగుతున్నాడు, ఏమాలోచించావ్..." అంటూనే ఆగిపోయింది.

తెర మూలలో నా బొమ్మ నాకూ కనపడింది. నల్ల అబాయా, రెండు కళ్లు, వెనక ఆమె మంచం. తనే వేయమన్న వేషమని గుర్తు రాలేదేమో, మామా మొహం పాలిపోయింది.

"ఎవరు నువ్వు?" అంది సన్నగా. "నా గదిలో ఏం చేస్తున్నావు? రీదా ఏది?"

తలగుడ్డ కాస్త కిందికి లాగితే సరిపోయేది. చెయ్యి లేచింది కూడా. దించేశాను.

"రీదా ఊరికి పోయింది మామా," అన్నాను. "కాగితాలు పెట్టొద్దని చెప్పమంది."