పదకొండు ఇళ్ళలో ఒకే గంటకు

సాంబశివరావు పెట్టె తెచ్చి తరగతి గది గుమ్మంలో పడేశాడు. వుడ్‌ల్యాండ్స్‌లోని ఆ గదిలో, దేశం వదిలొచ్చి ఇక్కడి ఇళ్ళల్లో పనిచేసే తెలుగు ఆడవాళ్ళకు భానుమతి ఆదివారాలు పాఠాలు చెబుతుంది.

"ఏడింటికి ఫ్లైటు. పద," అన్నాడు తన ఇంట్లో పనిచేసే బాలనాగమ్మతో. "సినిమాలు చూపించి మా ఇళ్ళల్లో చిచ్చు పెడుతున్నారు మేడమ్. పాస్‌పోర్టు ఇమ్మని నన్నే నిలదీసింది!"

"అది ఆమెదే కదండీ?"

"అందుకే చేతికిచ్చి పంపుతున్నా."

నూరేళ్ళ కిందట ఓడల్లో దాచి తెచ్చి, ఇక్కడి సానికొంపలకు అమ్మేసిన జపాన్ ఆడపిల్లల మీద పోయిన ఆదివారం భానుమతి పాత సినిమా ఒకటి వేసింది. తెర మీద ఇంగ్లీషు వీళ్ళు చదవలేరని ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. "నా కాగితాలు యజమాని పెట్టెలో ఉండేవి. ఒక్కనాడూ అడగలేదు," అంది తెర మీది ముసలామె.

"మాయీ అంతేగదండీ," అంది అప్పుడు బాలనాగమ్మ.

"మీరు అడగండి, చట్టం మీవైపే ఉంది," అని ఎంత తేలిగ్గా అనేసింది తను! పని పర్మిట్ రద్దు చేయించి ఇంటికి పంపేయడం యజమాని చేతిలో పని అని ఆ ఊపులో చెప్పనేలేదు.

లిఫ్టు దాకా తరగతిలోని ఆడవాళ్ళందరూ వెళ్ళారు. "మా అమ్మాయి ఇంటరు అయ్యేదాకా ఉందామనుకున్నానండి," అంది బాలనాగమ్మ. తలుపులు మూసుకున్నాయి.

"తప్పు నాదే. ఇక సినిమాలొద్దు, ఇంగ్లీషు నేర్చుకుందాం," అంది భానుమతి.

"ఎందుకండీ, ఇంగ్లీషులో సారీ చెప్పడానికా?" అంది తారాదేవి. పుంగ్గోల్‌లో ఇద్దరు కవలపిల్లల్ని సాకే మనిషి.

"పోయి రోడ్డు మీద కూర్చుందామే!" అంది వెనక నుంచి ఒకామె.

"ఇదేమన్నా రాజమండ్రీ అనుకున్నావా? అట్టముక్క పట్టుకుని ఒక్కత్తివి నిలబడ్డా పోలీసులొస్తారు," అంది పక్కనామె.

తారాదేవి లేచింది. "ఒక్కత్తి అడిగింది, ఒక్క టిక్కెట్టు కొన్నాడు. రేపు ఎనిమిదింటికి మిగిలిన పదకొండు మందిమీ పాస్‌పోర్టులు అడుగుదాం. అందర్నీ పంపేసి, పిల్లల ముడ్లు ఎవరు కడుగుతారో చూద్దాం!"

నవ్వారు. ఆ నవ్వులో వణుకుంది.

"వద్దు తల్లీ. మిమ్మల్నీ పంపేస్తే నేనేం చెయ్యగలను?" అంది భానుమతి.

"ఏం చెయ్యలేరని మాకూ తెల్సండి. కూర్చోండి."

సోమవారం ఎనిమిదింటికి భానుమతి ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగినా లేవలేదు.

పుంగ్గోల్ నుంచి తారాదేవి గొంతు: "అడిగానండి. అరుస్తున్నారు." బుకిట్ బటోక్ నుంచి ఇంకొకామె: "అడిగానండి." మరొకామె ఏడుపు: "నోరు పెగల్లేదండి. మధ్యాహ్నం అడుగుతాను."

తొమ్మిదింటికి అడిగినవాళ్ళ లెక్క ఎనిమిది. మిగిలిన ఇద్దరి ఫోన్లూ మోగి మోగి ఆగిపోతున్నాయి. వాళ్ళేమయ్యారో ఎవరిని అడగాలి?

కొత్త నంబరు నుంచి పిలుపు వచ్చింది.

"టీచరమ్మేనా? మీ క్లాసుకి నన్ను పంపరండి. బెడోక్‌లో ఓ ఇంట్లో చేస్తున్నాను. మీవాళ్ళొకామె రాత్రి ఫోన్లో చెప్పింది. నేనూ అడిగేశాను."