వదిన క్లారినెట్, మరిది పెట్టె

ఆమె ఇరవై రెండేళ్లుగా రేడియో వాద్యబృందంలో క్లారినెట్ వాయిస్తోంది. ఎదురుగా కాగితం మీద స్వరాలు, వాటికి అవతల చేతిలో పుల్లతో సంచాలకుడు. ఈ రెండూ లేకుండా ఆమె వాయించిన రోజు లేదు.

మరిది దారి వేరు. పగలు చెవి మిషన్లు బాగుచేసే ఉద్యోగం. సాయంత్రమైతే అద్దెగదిలో వైర్లు, మీటలు, పాత రేడియోల్లోంచి పీకిన ముక్కలు ముందేసుకుని శబ్దాలు పుట్టిస్తుంటాడు. అతని సంగీతాన్ని ఇంటిల్లిపాదీ 'మిక్సీ' అంటారు.

ఒకరోజు ఊడిపడ్డట్టు వచ్చాడు. "వదినా, ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో నా కచేరీ. నాతో వాయించేవాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నువ్వు రావాలి."

"ఏం వాయించాలి?"

"అక్కడికెళ్లాక తెలుస్తుంది."

"అంటే నీకూ తెలీదన్నమాట!"

"తెలిస్తే ఇంకెందుకు వదినా?"

నవ్వి పంపేసింది కానీ, అంట్లు తోముతున్నంతసేపూ అదే ఆలోచన. ఏమీ అనుకోకుండా మొదటి స్వరం ఎలా వేస్తారు? మర్నాడు సాయంత్రం క్లారినెట్ పెట్టె చంకన పెట్టుకుని అతని గదికి వెళ్లింది.

మరిది క్లారినెట్ ముందు మైకు పెట్టాడు. ఆమె వాయించినదాన్ని, ఆ వైర్లూ ముక్కలూ కలిపి అతను చేసుకున్న పెట్టె పట్టుకుని, కాసేపాగి, సాగదీసో ముక్కలు చేసో తిరిగి వినిపిస్తుంది. ఆమె తనకు బాగా వచ్చిన పాట ఎత్తుకుంది. రెండు నిమిషాలకే మరిది ఆపేశాడు.

"బ్రహ్మాండంగా వాయిస్తున్నావు. అదే తంటా. నాకు సందేదీ?"

ఆమెకు చుర్రుమంది. పాట మానేసి, ఊదకుండా క్లారినెట్ మీటల్ని టకటకలాడించింది. పెట్టెలోంచి రేకుల మీద వాన పడ్డట్టు వినిపించింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఈసారి స్వరం లేకుండా ఉత్తి ఊపిరి వదిలింది. ఎవరో గది చివర నిద్రలో ఒత్తిగిల్లినట్టయింది.

"ఇది నేనేనా?"

"నువ్వే. కాస్త ఆలస్యంగా."

ఆ వారమంతా రోజూ వెళ్లింది. పెట్టె ఎప్పుడు బదులిస్తుందో కనిపెట్టి, అది నోరు తెరిచే క్షణానికి సరిగ్గా అడ్డం పడేది. "వదినా, దాన్ని మాట్లాడనీయవా?" అని మరిది నెత్తి కొట్టుకునేవాడు.

ఆదివారం లైబ్రరీ చదువుల గదిలో ముప్పై కుర్చీలు వేశారు. చివరి వరసలో ఆమె భర్త. పది నిమిషాలు చక్కగా నడిచింది. ఇంతలో పెట్టె ఠక్కున మూగబోయింది. మరిది మీటలన్నీ నొక్కాడు. ముఖం పాలిపోయింది. జనం దగ్గడం మొదలుపెట్టారు.

బృందంలోనైతే ఇలాంటప్పుడు సంచాలకుడి వైపు చూసేది. ఇక్కడ చూడ్డానికి ఎవరూ లేరు. ముందు వరసలో ఒకాయన కదిలితే కుర్చీ కిర్రుమంది. ఆమె క్లారినెట్‌తో అచ్చం అలాగే కిర్రుమనిపించింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకో కుర్చీ, ఈసారి కావాలనే, కిర్రుమంది.

మరిది తేరుకున్నాడు. చచ్చిన పెట్టెలోంచి స్పీకరుకు వెళ్లే వైరు ఊడబెరికి, దాని కొసకు వేలు తగిలించాడు. స్పీకరు గుయ్యిమంది. ఆమె ఆ గుయ్యిని వెతుక్కుంటూ వెళ్లింది. అది ఏ స్వరానికీ అందడం లేదు. రెండు స్వరాల నడుమ ఎక్కడో ఉంది. పెదవి కొంచెం వదులు చేసింది. ఇంకొంచెం. రెండు శబ్దాలూ దగ్గరయ్యేకొద్దీ వాటి మధ్య ఒక అదురు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది. గదిలో ఎవరూ కదల్లేదు. మరిది వేలు తీశాడు, పెట్టాడు. ఆమె తప్పుకుంది, మళ్లీ కలిసింది. ఎంతసేపు వాయించారో ఇద్దరికీ తెలియదు.

చప్పట్లయ్యాక భర్త దగ్గరికొచ్చి, "మీరిద్దరూ మాట్లాడుకున్నారా, పోట్లాడుకున్నారా?" అనడిగాడు.

"ఏమోనండీ, నాకూ అంతు చిక్కలేదు," అందామె. ఆమె ముఖం వెలిగిపోతోంది.

మరిది తలొంచుకుని వైర్లు చుట్టుకుంటున్నాడు. "పరువు పోయిందనుకున్నా వదినా. పెట్టె నమ్మకద్రోహం చేసింది."

ఆమె అతని పక్కనే నేల మీద చతికిలబడి, పెట్టెను తనవైపు తిప్పుకుంది.

"స్క్రూడ్రైవర్ ఉందా? మూత తియ్యి. లోపలేముందో చూడాలి."