పైపు మూతి దగ్గరి చిప్పలు

మీటింగు హాల్లో సర్కారు ఆఫీసరు కాగితం చదివాడు. ఆల్చిప్పల్లో ఏ దెబ్బా లేదట. సముద్రం శుభ్రంగా ఉందట. కాబట్టి ఫ్యాక్టరీ మురుగు సముద్రంలోకి వదలడానికి రెండో పైపు కూడా వేసుకోవచ్చట.

నా భార్య పోయి అప్పటికి నాలుగు నెలలు. మొదటి పైపు మూతి దగ్గర, నడుములోతు నీళ్లలో పదకొండేళ్లు చిప్పలు ఏరింది. కడుపులో గడ్డతో పోయింది. ఆ సంగతి కాగితంలో లేదు.

"మీ చిప్పలే సాక్ష్యం చెప్పాయి. ఇంకేం కావాలి?" అన్నాడు ఫ్యాక్టరీ మేనేజరు.

బయటికొచ్చాక, చిప్పల్ని పరీక్ష చేసిన కాలేజీ అమ్మాయిని చుట్టుముట్టాం.

"నువ్వెవరి పక్షమే పిల్లా?" అంది వదిన. నా భార్యకు అక్క.

ఆ అమ్మాయి బెదరలేదు. "విషం తగిలితే చిప్ప కణాల్లో జన్యువులు తెగుతాయి. మైక్రోస్కోపులో తోకచుక్కల్లా సాగి కనిపిస్తాయి. మీరిచ్చిన చిప్పల్లో కణాలన్నీ గుండ్రంగానే ఉన్నాయి. పైపు దగ్గరివేనా ఇచ్చింది?"

అందరూ నావైపు చూశారు.

"అవి నల్లగా, కంపు కొడుతుంటాయి," అంది వదిన చివరికి. "మనకోసం వచ్చిన పిల్ల చేతిలో అలాంటివి పెడతామా? రాళ్ల అవతలికెళ్లి మంచివి తెచ్చి, కడిగి ఇచ్చాం."

ఇది కార్మికులూ విద్యార్థులూ చదువుతారు కాబట్టి దాచను. వాటిని ఏరింది నేనే. ఆ మర్యాద మేనేజరుకి పనికొచ్చింది. అందుకు నన్ను నేను క్షమించుకోలేదు. ఎవర్నీ క్షమించలేదు.

"మళ్లీ తెస్తాం," అన్నాను.

"పైపు దగ్గరివేనని ఎవరు నమ్ముతారు బాబాయ్? మీ మాట చెల్లదంటారు. సర్కారు మనిషి రాసివ్వాలి," అంది అమ్మాయి.

"మనం పిలిస్తే వాడు కాలు తడుపుకుంటాడా?" అన్నాడు వలల మేస్త్రి. "దొంగతనం చేస్తే వస్తాడు గానీ."

అందరం నవ్వాం. ఒక్కొక్కరమే నవ్వు ఆపాం.

సోమవారం పొద్దున ముప్పై ఎనిమిది మందిమి, పైపు చుట్టూ ఫ్యాక్టరీ ఈమధ్యే వేసిన కంచె దాటాం. నల్లవే ఏరాం. కడగలేదు. చిప్పలు బతికుండగానే పరీక్ష జరగాలి. అందుకని ఒక గోతాం తడిపి, నింపి, దాంతో అమ్మాయిని బస్సెక్కించాం. పనైపోయింది. అయినా పోలీసులొచ్చేదాకా ఎవరం కదల్లేదు. నా భార్య నిలబడే చోట నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. నీళ్లు వెచ్చగా ఉన్నాయి.

చిప్పలు దొంగిలించామని మేనేజరే ఫిర్యాదు రాసిచ్చాడు. స్టేషన్లో రైటరు కాగితం తీశాడు.

"ఎక్కడ ఏరారు?"

"పైపు మూతి దగ్గర."

"ఎంత దూరంలో?"

"చెయ్యి చాపితే పైపు తగులుతుంది."

రాశాడు. పక్కనున్న మేనేజరుకి అప్పుడు తట్టింది. "పాపం, పేదవాళ్లు. కేసొద్దు, వదిలేయండి."

"మీ ఫిర్యాదు రిజిస్టరెక్కింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఒక గోతాం పరీక్షకి పంపేశాం సార్," అంది వదిన. "అదీ రాయండి."

ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. "కేసుకి ముగ్గురు చాలు. మిగతావాళ్లు పొండి."

ఎవరూ పోలేదు. వలల మేస్త్రి ముందుకొచ్చాడు. అతని వెనక వరస గుమ్మం దాటి రోడ్డు మీదికి సాగింది.

"నేనూ అక్కడే ఏరాను. రాసుకో."

రైటరు ఇంకో కాగితం తీశాడు.