బీడు పెట్టిన నేల

నూట ఇరవై గుంతలూ ఖాళీగా ఉన్నాయి, నిన్న సాయంత్రం నాటిన మొక్కల్లో ఒక్కటీ లేదు. ఆ సంగతి చెప్పడానికి క్యాంపు కుర్రాడు నాగచైతన్య చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చేసరికి, జోజి బడి వరండాలో ఉప్మా కలుపుతున్నాడు.

"తాతా, మేడమ్ ఏడున్నది? మొక్కలన్నీ ఎవడో మాయం చేసిండు!"

"లోపల ఉన్నది. ముందు చెప్పులేస్కో. వానకు తేళ్లు బయటికొస్తయ్."

"మొక్కలు పోయినయంటే తేళ్లంటవేంది తాతా?"

జోజి గరిటె ఆపలేదు.

పాల్వంచలో ఒక డిగ్రీ కాలేజీలో అతను అటెండరు. ఏటా పిల్లలు ఎన్.ఎస్.ఎస్. క్యాంపు పేరుతో ఏదో ఒక పల్లెలో వారం రోజులుంటారు. వీధులు ఊడుస్తారు, సర్వేలు రాస్తారు, మొక్కలు నాటుతారు. వాళ్లకు సర్టిఫికెట్ వస్తుంది. జోజి వాళ్లకంటే ముందు లేచి పొయ్యి వెలిగిస్తాడు. ఇది అతని ఇరవై ఆరో క్యాంపు. బక్కమనిషి. గ్యాస్ సిలిండర్లు మోసి మోసి కుడిభుజం కిందికి జారింది. ఏ క్యాంపు ఫొటోలోనూ అతను కనపడడు. ఫొటో తీసేది అతనే కాబట్టి. ఇంకా పంతొమ్మిది రోజుల్లో రిటైర్మెంటు. పెన్షన్ కాగితాలు ప్రిన్సిపాల్ బల్ల మీద సంతకం కోసం ఉన్నాయి.

పద్మప్రియ మేడం తడి జుట్టుతోనే బయటికొచ్చింది. క్యాంపు బాధ్యత ఆమెది. చెడ్డమనిషి కాదు. మొన్న ఒక పిల్లకు జ్వరమొస్తే తెల్లారేదాకా పక్కనే కూర్చుంది. కానీ ఇవాళ పదకొండింటికల్లా మొక్కల ఫొటోలు, అవి ఏ జాగాలో ఉన్నాయో ఆ వివరాలతో సహా యూనివర్సిటీకి పంపాలి. లేకపోతే యాభైమంది పిల్లల వారం రోజుల చాకిరీ లెక్కలోకి రాదు.

"వెతకడం దేనికి? ఆ కుర్రాడు నిన్న అందరి ముందూ అననే అన్నాడుగా, పీకేస్తానని," అంది.

అతను అన్న మాట నిజమే. మొక్కలు నాటిన ఆ నాలుగెకరాల పోడు, అడవి నరికి సాగు చేసుకున్న నేల, ఈ ఊరి జంపక్కది. నిన్న ఆమె నాట్ల కూలికి పక్క ఊరు వెళ్లింది. కొడుకు రాజేష్ ఒక్కడే గట్టు మీద నిలబడి అరిచాడు. అది ఖాళీ జాగా అని ఊరి పెద్ద ఒకాయన చూపించాడు, మేడం నమ్మింది. గునపం అందిస్తూ జోజి కూడా ఒక మాట అన్నాడు.

"ఎవరిదో ఒకసారి అడుగుదమా మేడమ్?"

"అడగడానికేముంది జోజీ? గడ్డి తప్ప ఏమీ లేదుగా."

"అవ్ మేడమ్," అన్నాడు జోజి. ఆ ఉద్యోగంలో అతను ఎక్కువసార్లు పలికిన మాట అదే.

ఎనిమిదింటికి రాజేష్‌ను పిలిపించారు. వెనకాలే జంపక్క వచ్చింది. మోకాళ్ల దాకా నాటు మడి బురద. వరండా మెట్టు మీద కూలబడింది. జోజి ఆమె చేతిలో టీ గ్లాసు పెట్టాడు. ఆమె తాగలేదు.

"నేను పీకలే," అన్నాడు రాజేష్. "పీకుదమనే పొద్దుగాల పోయిన. అప్పటికే లేవు."

"కథలు చెప్పకు. మరి ఎవరు పీకారు, కోతులా?"

పిల్లల్లో ఎవరో నవ్వారు. జంపక్క ఆ నవ్విన వైపు చూసి మేడం వైపు తిరిగింది.

"అది ఖాళీ జాగ కాదు మేడమ్. బీడు పెట్టినం. మూడేండ్లు పంట తీసినంక ఒక ఏడాది వదులుతం. నేల గూడ అలసిపోతది గద. మీరొచ్చినప్పుడు పండుకున్నది, అంతే."

మేడం చేతి గడియారం చూసుకుంది.

"అది నాకెవరూ చెప్పలేదమ్మా. చెప్పకుండా పీకితే అది నేరమే. మొక్కలెక్కడున్నాయో చెప్తే సరే. లేకపోతే రోడ్డు మీద పోలీసు క్యాంపులో రాసిచ్చి వస్తా."

చర్ల దారిలో నక్సలైట్ల కోసం పెట్టిన ఆ పోలీసు క్యాంపు కాగితాల్లోకి ఒకసారి పేరెక్కిన కుర్రాడికి అది దిగదు. ఎక్కడ ఏం జరిగినా ముందు అతన్నే పిలుస్తారు. రాజేష్ తల్లి భుజం పట్టుకుని, "లే అమ్మా, పోదం. క్యాంపుకు నేనే వస్త. భయమేంది నాకు?" అన్నాడు.

నాగచైతన్య జీపు డ్రైవర్‌ను కేకేశాడు. రాజేష్ ఎక్కగానే జీపు స్టార్టయింది.

జోజి పొయ్యి ఆర్పేశాడు. ఉప్మా గిన్నె మీద మూత పెట్టాడు. తుండుతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా. పాల్వంచలో భార్య లిదియా ఈపాటికి మోకాళ్లకు నూనె రాసుకుంటూ ఉంటుంది. పంతొమ్మిది రోజులు నోరు మూసుకుంటే ఇద్దరికీ ముసలితనం గడిచిపోతుంది. అతను మెట్లు దిగి జీపు ముందుకెళ్లి, రెండు చేతులూ బానెట్ మీద ఆనించి నిలబడ్డాడు.

"జోజీ, అడ్డం లే. మళ్లీ ఆలస్యమవుతుంది."

"ఆ పిలగాణ్ని దించున్రి మేడమ్. పీకింది నేను. తెల్లారకముందే లేస్త గద రోజూ, ఇయ్యాల ఇంకింత జల్దీ లేసిన. పదేండ్ల కింద ఇంకో ఊర్ల గిట్లనే బీడు చూసి ఖాళీ అనుకున్నం. గుంతలు నేనే తీసిన. మొక్కలు బతికినయ్, మంచిగ పెరిగినయ్. ఏడాది తిరగకముందే ఫారెస్టోళ్లు ఇది చెట్ల జాగ అని బోర్డు పాతిన్రు. ఆ భూమి దున్నుకునే తల్లి ఖమ్మం దిక్కు మిరప ఏరబోయింది. బస్టాండ్ల కనపడి, మీ క్యాంపు పిల్లలు మంచిగున్నరా అన్నా అని నన్నే అడిగింది. నిన్ననే మీకు చెప్పాల్సుండె. ఒక్కసారి అడిగి ఊకున్న, గది నా తప్పు. ఏం రాసుకుంటరో నా పేరు మీద రాసుకోన్రి. మొక్కలు ఒక్కటి గూడ చావలే మేడమ్. వేళ్లకు మట్టి రాలకుండ తీసిన. వాగొడ్డున మద్ది చెట్టు కింద ఉన్నయ్, తడి గోనెలు కప్పిన. జంపక్కను అడిగి, ఆమె ఏడ పెట్టమంటె ఆడ పెట్టున్రి. నేనుంటనో పోతనో... ఆ గోనెలు మాత్రం మాపటికి ఒకసారి తడపాలె."