మొయినాబాద్‌లో తెరిచిన ట్రంకు

చేవెళ్ళ నుంచి మద్రాసు పోయి సినిమా కెమెరా దగ్గర నిలబడ్డవాడు మా స్వామిదాసు ఒక్కడే. ఆయన కెమెరాలో కన్ను పెడితే గుట్ట అవతలి మేక కూడా పళ్ళు ఇకిలిస్తుందని నేను ఊరంతా చెప్పుకొచ్చాను. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పద్దెనిమిదేళ్ళు అసిస్టెంటుగా పనిచేసి, చూపు మసకబారి పందొమ్మిది వందల అరవై ఏడులో తిరిగొచ్చినప్పుడు ఆయన వెంట వచ్చింది ఒక రేకు ట్రంకు. దాన్నిండా ఫోటోలు. అన్నీ కెమెరామెన్లవే. బొంబాయి వాళ్ళు, కలకత్తా వాళ్ళు, మద్రాసు వాళ్ళు. చేత్తో తిప్పే కెమెరాల నాటి ముసలివాళ్ళు కూడా ఉన్నారు. ప్రతి ఫోటో వెనక పేరు, ఆ మనిషి పనితనం గురించి నాలుగు ముక్కలు.

"తెర మీద ఆడేటోళ్ళను అందరు జూస్తరు మల్లూ. ఆళ్ళ మీద ఎలుతురు పెట్టినోని మొఖం ఎవలన్న జూసిండ్రా?" అనేవాడు నాతో.

అవన్నీ పుస్తకంగా వేయాలని ఆయన కోరిక. చివరికి ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సు ఒప్పుకున్నది. శనివారంలోగా ఫోటోలు అందకపోతే మిషను బడి పుస్తకాలకు పోతుందన్నారు. అది అరవై తొమ్మిది, మృగశిర కార్తె. ప్రత్యేక తెలంగాణ కోసం పిల్లలు రోడ్ల మీద ఉన్నారు. మూడు రోజులుగా బస్సు లేదు. అందుకని శుక్రవారం పొద్దున్నే ట్రంకును నా సైకిలుకు కట్టుకుని నేను, కిరాయి సైకిలు మీద ఆయన బయలుదేరాం.

మొయినాబాద్‌లో రోడ్డుకు అడ్డంగా రాళ్ళు. పక్కన టైరు కాలుతున్నది. ఇరవై మంది దాకా పిల్లలు. వాళ్ళ నాయకుడు సంగయ్య, పక్క ఊరు హిమాయత్‌నగర్ ఎల్లయ్య కొడుకు. పట్నంలో డిగ్రీ చదువుతున్నాడు. కిందటి నెల పోలీసు కాల్పుల్లో వాడి పక్క బెంచీ పిల్లవాడు చనిపోయాడు. నా సైకిలు దుకాణంలో పంచర్లు వేయించుకున్నవాడే కాబట్టి నన్ను గుర్తుపట్టాడు.

"మల్లన్నా, ట్రంకుల ఏమున్నది?"

"నీ పెండ్లికి నగలు తెస్తున్న."

"పిల్లనెవలిస్తరే వీనికి?" అన్నాడు వెనక ఒకడు. అందరూ నవ్వారు. ట్రంకును కిందికి దించి మూత తీసి చూశారు.

"ఎవలే వీళ్ళు?"

"సినిమా కెమెరాలోళ్ళు. పుస్తకం ఏస్తున్న," అన్నాడు స్వామిదాసు.

అంతే. మూత మళ్ళీ వేస్తున్నారు. రాళ్ళు కూడా జరుపుతున్నారు. నా నాలుకే ఊరుకోలేదు.

"ఊకె కెమెరాలోళ్ళా? అందరు మనోళ్ళేరా. తెలంగాణ బిడ్డలు."

ఆ పిల్లల ముఖాలు చూడాలి. నెలల తరబడి మంచి మాట విననివాళ్ళు. నాకు ఇంకా ఊపు వచ్చింది. ఒక ఫోటో పైకెత్తి, ఈయనది శంకర్‌పల్లి అన్నాను. గొంగడిలో కందిలి దీపం పెట్టి వెన్నెల పుట్టించాడనీ, దాని కింద బొంబాయి వాళ్ళు చాపలు పరుచుకుని పడుకున్నారనీ చెప్పాను. ఇంకొకాయనది చిల్కూరు. మబ్బు పట్టిన రోజు గండిపేట నీళ్ళలోంచి అద్దంతో ఎండను తోడి, మిగిలింది కుండలో దాచాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. సంగయ్య గొంతుక్కూర్చుని, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు.

"ఈయనదే ఊరన్నా?"

"పరిగి."

"ఈయన?"

ఆ ఫోటోలో ఒక పెద్దమనిషి స్టూలెక్కి, హీరోయిన్ చెంప దగ్గర వెలుతురు కొలిచే మీటరు పట్టుకుని ఉన్నాడు. హీరోయిన్ చెవి మాత్రమే కనబడుతుంది.

"తాండూరు," అన్నాను.

"కాదు," అన్నాడు స్వామిదాసు. "ఆయనది బందరు. కృష్ణయ్య మాస్టారు. నాకు పని నేర్పిన గురువు. సచ్చిపోయిండు. ఊరు మార్చి చెప్పితే నా నోట్లె పురుగులు పడ్తయి."

సంగయ్య నా వైపు చూశాడు.

"మరి ఇందాక జెప్పినయి?"

వాడు స్వామిదాసు వైపు తిరిగాడు.

"అన్నా, నువ్వు జెప్పు. ఇంతమందిల మనోళ్ళు ఎందరు?"

"ఒక్కడు."

"ఏది, సూపెట్టు."

"ఈ ట్రంకుల లేదు. నేనే."

సంగయ్య నవ్వలేదు. "పద్దెనిమిదేండ్లు చేసినవ్. కెమెరామెను ఎందుకు గాలే?"

"మాస్టారును అడిగిన. తన ఊరి పిలగాడు ఉన్నడు, వానికియ్యాలె అన్నడు."

"ఆయన్ని ఎనకేసుకొస్తున్నవా?"

"పని నేర్పిండు గద."

సంగయ్య ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. కోపంగా విసరలేదు. నడిచి వెళ్ళి టైరు మీద పెట్టాడు. స్వామిదాసు ముందుకు ఉరికితే ఇద్దరు పిల్లలు భుజాలు పట్టుకున్నారు. "వొద్దన్నా, చెయ్యి గాలుతది," అన్నాడు ఒకడు మెల్లగా. ఫోటో అంచులు ముడుచుకుంటూ వెళ్ళి, చివరికి ఆ చెవి కూడా పోయింది.

మిగిలినవి సంగయ్యే సర్ది మూత పెట్టి, ట్రంకును మళ్ళీ నా సైకిలుకు కట్టాడు. "తీస్కపో అన్నా. అచ్చేసుకో."

రాళ్ళు దాటి కొంత దూరం వచ్చాక నేనే నోరు తెరిచాను. "ఒక్కటే గదన్నా పోయింది. పొద్దు గూకకముందే ప్రెస్సుల ఇచ్చొద్దాం. ఇంకో కాపీ మద్రాసు నుంచి తెప్పిద్దాం."

"నెగటివు ఎన్నడో పాడైంది. అదొక్కటే ఉండె." ఆయన సైకిలు దిగాడు. "ఆయన్ని తీసేసి మిగిలినోళ్ళను అచ్చేస్తే, ఆ పిలగాండ్లు ఏరిన పుస్తకమైతది గాని నాది గాదు."

"వాళ్ళదే తప్పన్నా."

"వాళ్ళు మూత ఏస్తుండిరి మల్లూ."

నా సైకిలు దగ్గరికి వచ్చి తాళ్ళు విప్పాడు. కిరాయి సైకిలుకు క్యారియరు లేదు. ట్రంకును సీటు మీద పెట్టి, ఒక చేత్తో దాన్ని, ఒక చేత్తో హ్యాండిలును పట్టుకుని చేవెళ్ళ దిక్కు నడిచాడు. ఎదురుగా మళ్ళీ అవే రాళ్ళు. పిల్లలు లేచి దారి ఇచ్చారు. నేను వెనకాలే నడుస్తూ, పట్టుకుంటానని రెండుసార్లు చెయ్యి చాపాను. రెండుసార్లూ ఆయన ట్రంకును అవతలి వైపుకు వంచుకున్నాడు.