రెండు కడుపుమంటలు

"ఆ చిన్న కుండను వేరేగా తోము రత్నా. చెనిక్కాయ పొడి తగిలినా కౌసల్యకు ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి" అంది అత్త మునిలక్ష్మమ్మ.

పెద్దకోడలు మునిరత్నమ్మ తోమింది. చిన్నకోడలు కౌసల్య కుప్పం నుంచి కాపురానికొచ్చి ఆర్నెల్లు కాలేదు, పుంగనూరులోని ఈ ఇంట్లో ఆమెకు వేరే కుండ, వేరే గరిటె, వేరుశెనగ పొడి తగలని వేరే పులుసు వచ్చేశాయి. పెళ్ళిలోనే వాళ్ళ నాన్న మొహమాటం లేకుండా చెప్పాడు. "మా పాపకు చెనిక్కాయలు పడవప్పా. తింటే కడుపుబ్బి ప్రాణం మీదికొస్తాది." ఇంటిల్లిపాదీ తలూపారు.

మునిరత్నమ్మకు పాలు పడవు. పుట్టింట్లో పాడి లేదు గనుక అక్కడ తెలియలేదు. పంతొమ్మిదివందల డెబ్భైలో కాపురానికి వచ్చింది మొదలు పద్నాలుగేళ్ళుగా మజ్జిగ పోసుకున్న ప్రతిసారీ కడుపులో మంట, పెరట్లోకి పరుగు, ఈమధ్య నెత్తురు కూడా. మదనపల్లెలో డాక్టరు ఆమె భర్త చెంగల్రాయుడిని పక్కకు పిలిచి, పేగులు వాచాయని, పాలూ మజ్జిగా మాన్పించకపోతే మనిషి దక్కదని చెప్పాడు. తెర వెనక బల్ల మీద పడుకుని ఆమె అంతా విన్నది. ఇంటికొచ్చి ఆయన తల్లితో ఏమన్నాడు? "వేడి జేసిందంటమ్మా. ఇంకేం లేదు."

వేడికి అత్త దగ్గర ఒకటే మందు, ఇంకో చెంబు మజ్జిగ. అది పోయడంలో ఆమె ఏనాడూ లోటు చేయలేదు. అందరూ తిన్నాక పులుసు కుండ నాకినట్టుండేది. కడపట తినే మునిరత్నమ్మకు మిగిలేది సంగటీ మజ్జిగే. వద్దంటే, "పాడి ఉండే ఇంట్లో మజ్జిగ వద్దనేదాన్ని నిన్నే సూస్తాండా" అనేది అత్త.

మజ్జిగతో మండే కడుపు ఒకటి, కౌసల్యను చూస్తే మండే కడుపు ఇంకొకటి. ఆమె చీరలు చూసి కాదు, మొగుడు తెచ్చే మల్లెపూలు చూసి కాదు, ఆమె రోగాన్ని చూసి. రోగాన్ని చూసి కుళ్ళుకునే ఆడది లోకంలో ఇంకెవరైనా ఉంటారా అని తనమీద తనకే రోతగా ఉండేది.

ఆ మధ్యాహ్నం వేయించిన చెనిక్కాయలు రోట్లో దంచుతుంటే, పక్కన పొయ్యి మీద చిన్న కుండ కుతకుతలాడుతోంది. చిటికెడు పొడి వేళ్ళ మధ్యకు తీసుకుంది. ఒక్క చిటికెడు. దానికీ తెలియాలి, పెరట్లోకి పరిగెత్తడమంటే ఏమిటో. చెయ్యి కుండ మీదికి పోయింది కూడా.

"అక్కా" అంటూ కౌసల్య వచ్చి గడప దగ్గర కూర్చుంది. "నీకు మజ్జిగ పడదు గదా? తాగినప్పుడల్లా పెరట్లోకి పోతాండావు, సూస్తానే ఉండా. ఏల చెప్పవు?"

పద్నాలుగేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. మునిరత్నమ్మ పొడి రోట్లోకి దులిపి చెయ్యి రెండుసార్లు కడుక్కుంది. పళ్ళెం తీసి సంగటి ముద్ద పెట్టుకుని, అందరికీ కాచిన పెద్ద కుండలోంచి నిండా పులుసు పోసుకుని పొయ్యి ముందే కూర్చుంది.

అత్త వచ్చి చూసింది. "మొగోళ్ళు ఇంకా తినలే. ఏందే ఇది?"

మునిరత్నమ్మ నోట్లో ముద్ద నమిలి మింగాకే మాట్లాడింది.

"కడాకు మజ్జిగ మిగుల్తాది గదత్తా. ఈ పొద్దు అది నీ పెద్దకొడుక్కు పొయ్."